మైకులో చదివిన చీటీ

మట్టెవాడ, వరంగల్
18 నవంబరు 2025, మంగళవారం

ఎదురింటి సమ్మమ్మ వదినకు,

ప్రభువు పేరిట వందనాలు అని మొదలుపెట్టి కొట్టేశాను. ఆ మాట కంటపడగానే నువ్వు కాగితం మడిచి కూరగాయల బుట్ట కింద పరుస్తావని నాకు తెలుసు. కాబట్టి ఉత్త నమస్కారం. ఇక్కడ నేనూ మా దీపా బాగున్నాం. మీ ఇంట్లో అందరూ బాగున్నారని నీ కుక్కరు ఈలలను బట్టి, బుచ్చిరాములు అన్న మగ్గం చప్పుడును బట్టి తెలుసుకుంటున్నాను. తొమ్మిది అడుగుల సందుకు అవతల ఉన్న మనిషి యోగక్షేమాలు ఇలా చెవులు రిక్కించి ఏరుకోవాల్సిన గతి పడుతుందని నేనెప్పుడూ అనుకోలేదు.

నాకు విసుగొచ్చింది వదినా. ఉన్నదున్నట్టు చెప్తున్నాను, నీ మీద, నా మీద, మా సంఘం మీద, ఆ పాడు మైకు మీద, అందరి మీదా విసుగొచ్చింది. నువ్వు నాతో మాట్లాడి నేటికి ముప్పై ఏడు రోజులు. నేను వాకిట్లోకి వస్తే నువ్వు లోపలికి పోతావు. నల్లా దగ్గర నన్ను చూస్తే సగం నిండిన బిందె ఎత్తుకొని పోతావు. మీ ఇంటికి మూడుసార్లు వచ్చాను. మొదటిసారి మీ అబ్బాయి భానుచందర్ గేటు దగ్గరే నిలబడి, అమ్మ పండుకున్నది టీచరమ్మా అన్నాడు. రెండోసారి, అమ్మ ములుగు పోయింది, పెద్దమ్మోళ్ల ఇంటికి అన్నాడు. ఆ మాట అంటుండగానే పరదా వెనక నుంచి నీ దగ్గు వినిపించింది. పాపం, అబద్ధమాడటం చేతకాని పిల్లవాడు, చెవుల దాకా ఎర్రబడ్డాడు. మూడోసారి గేటు మీద చెయ్యి వేసి, పిలవకుండానే వెనక్కి తిరిగాను.

దీపావళి నాడు దీప చేత సేమియా పాయసం పంపాను. మరునాడు గిన్నె తిరిగొచ్చింది. కడిగి, తుడిచి, ఖాళీగా. ఎదుటివాళ్ల గిన్నె ఖాళీగా పంపకూడదని, ఇంట్లో ఏమీ లేకపోతే పిడికెడు చక్కెరైనా పోసి పంపాలని నాకు నేర్పింది నువ్వే. ఇరవై రెండేళ్లలో నీ చేతి నుంచి ఖాళీ గిన్నె రావడం అదే మొదలు. ఆ గిన్నె పట్టుకొని వంటింట్లో నిలబడి ఏడ్చాను. రాయాలంటే సిగ్గుగా ఉంది కాని, ఏడ్చాను.

ఇంత దగ్గర్లో ఉండి ఉత్తరమేంటమ్మా, వాయిస్ మెసేజ్ పెట్టరాదా అని దీప నవ్వుతోంది. ఎవరి ఫోనుకు పెట్టాలి? భానుచందర్ ఫోనుకా? మళ్లీ నలుగురి చెవిలో పడాలా? ఉత్తరమైతే చదివే మనిషి ఒక్కరిదే. నువ్వు చదవగలవు. కోపంలో ఉన్నా చదవగలవు. అందుకే పలక మీద రాసినట్టు పెద్ద పెద్ద అక్షరాలతో, ఎడం ఎడంగా రాస్తున్నాను. నా తీరు నీకు తెలుసు, రెండు ముక్కల్లో తేల్చడం నాకు రాదు. చాలా పేజీలవుతాయి. రోజుకొకటి చదువు. ఒత్తుల దగ్గర ఆగితే ఆగు, తొందరేం లేదు. నీ కోడలు నవతకు మాత్రం ఇవ్వకు.

సంగతి మొదటి నుంచి చెప్తాను. నీకు సగమే తెలుసు.

జూన్ నెల మొదట్లో ఒక ఆదివారం మా పాస్టరు గారు ఆరాధనలో గట్టిగానే అడిగారు. దేవుని మాట చెప్పడం పాస్టర్ల పని అనుకొని మీరంతా చేతులు కట్టుకొని కూర్చున్నారు, అది కూరగాయల బండి దగ్గర, నల్లా దగ్గర, బస్సులో పక్క సీట్లో చేయాల్సిన పని, ఒక్కొక్కరు ఒక్కొక్క మనిషిని మనసులో పెట్టుకొని క్రిస్మస్ దాకా వాళ్లతో నడవండి అన్నారు. మంచి మాటే. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ముప్పై ఒక్క ఏళ్లు ఒకటో తరగతి పిల్లలకు గొంతు చించుకున్నదాన్ని, ఎదురింట్లో ఉన్న మనిషికి నా దేవుని గురించి ఒక్కనాడూ నోరు విప్పలేదే అనిపించింది. నిజంగానే ఆ పిలుపు నాకే వచ్చిందనుకున్నాను.

అక్కడితో ఆగితే బాగుండేది. మరుసటి వారానికి చర్చి గోడ మీద ఒక పట్టిక వెలిసింది. ఎడమ పక్క మా పేర్లు, కుడి పక్క గడులు. ఎవరైనా కొత్త మనిషిని ప్రార్థన కూటానికి తీసుకొస్తే గడిలో బంగారు రంగు చుక్క అంటిస్తారు. బడిలో పిల్లల హాజరు పట్టిక మీద నేను అంటించిన చుక్కల్లాంటివే. పాటల బృందంలో విమలమ్మ ఉంది చూడు, నెల తిరగకముందే ఆమెకు మూడు చుక్కలు. అందులో ఒకటి ఆమె సొంత తోడికోడలిది. ఆ తోడికోడలు పదేళ్ల నుంచి చర్చికి వస్తూనే ఉంది, ఆమె కొత్త మనిషెట్లా అయిందో ఎవరూ అడగరు. నా గడి మాత్రం ఖాళీ.

ఆ నెలలోనే కదా, బుచ్చిరాములు అన్న జంపఖానా నేస్తూ నేస్తూ మగ్గం గుంతలోనే కళ్లు తిరిగి ఒరిగిపోయాడు. ఎండదెబ్బ అని వీధంతా అనుకుంది. గ్లూకోజ్ ఎక్కించి మరునాడు పంపించారు. మూడో రోజు మధ్యాహ్నం నువ్వు మా ఇంటికి వచ్చావు. తలుపు దగ్గరికి వేశావు. తర్వాత, ఎండ కాదు వదినె, నేనే గోలీలు మార్చి ఇచ్చిన అన్నావు. నవత డ్యూటీకి పోయేముందు కాగితం కవర్ల మీద పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అని రాసి వరుసగా పెట్టి పోతుందని, నువ్వు కవరున్న చోటు చూసి ఇస్తావని, ఆ రోజు ఫ్యాను గాలికి అవి కిందపడితే ఏది ఏదో తెలియక అందాజుగా తీసి ఇచ్చావని చెప్పావు. ఏడో తరగతి దాకా చదివానని కోడలు కొత్తగా వచ్చినప్పుడు చెప్పావట. పేపరు ముందేసుకొని కూర్చునేది బొమ్మలు చూడటానికని నాకు అప్పుడే తెలిసింది. ఇరవై రెండేళ్లు ఎదురుగా ఉన్న టీచరుకు తెలియలేదు, ఇదొక టీచరుతనం!

గా మూడు ముక్కలు నేర్పు వదినె, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి, గంతే సాలు అన్నావు. గీ ముచ్చట మాత్రం పానం పోయినా ఎవ్వలకు చెప్పకు అన్నావు. చెప్పనని నీ చేతిలో చెయ్యి వేశాను.

నువ్వు అడిగింది మూడు మాటలు. నేను నీ ముందు పెట్టింది పెద్ద అక్షరాల సువార్త పుస్తకం. ఆ పుస్తకాలు చూపు తగ్గిన పెద్దవాళ్ల కోసం సంఘంలో ఉచితంగా ఇచ్చారు. ఒకే దెబ్బకు రెండు పనులవుతాయని నా ఉబలాటం. నువ్వేమో అందులో పొద్దున అనే మాట ఎక్కడుందో వెతికి చూపమని నా ప్రాణం తీశావు. ఒక్కో కథకు నువ్వు అడిగిన ప్రశ్నలకు నాకు తల తిరిగేది. తప్పిపోయిన ఒక్క గొర్రె కోసం కాపరి తొంభై తొమ్మిదింటిని విడిచిపెట్టి పోయాడని చదివితే, గట్లెట్ల పోతడు వదినె, మిగిలినయి ఎవరు గాస్తరు, మా అమ్మగారూర్ల గొల్ల కట్టయ్యను అడుగు, గట్ల ఇడిసిపోతే మందకు మంద పోతది అన్నావు. ఆ ప్రశ్న తీసుకెళ్లి పాస్టరు గారిని అడిగాను. ఆయన ఇరవై నిమిషాలు వివరించారు. అదంతా వచ్చి నీకు చెప్తే, రాట్నం మీద కండెలు చుట్టుకుంటూ అంతా విని, ఆయన నేనడిగింది చెప్పలే అన్నావు. నాకెంత కోపమొచ్చిందో! నిజానికి నాకూ జవాబు దొరకలేదు, అందుకే అంత కోపం.

అయినా నేర్చుకున్నావు. ఆ మాట ఎవరూ కాదనలేరు. సెప్టెంబరులో నా మోకాళ్లు చూపించడానికి దవాఖానకు ఆటోలో పోతుంటే, గోడ మీద రాసింది చూసి, ఇక్కడ మూత్రం పోయరాదు అని ఆటో అదిరేలా చదివావు. డ్రైవరు బ్రేకు వేసి, నేనేం జేసిన అమ్మా అన్నాడు. ఆ రోజు మనిద్దరం దవాఖాన వరుసలో కూర్చొని నవ్వుతుంటే నర్సు వచ్చి కసిరింది. నా ఉద్యోగమంతటిలో ఎన్ని వందల మంది పిల్లలు నా ముందు అక్షరాలు కూడబలుక్కున్నారో, కాని ఆ గోడ చదువు దగ్గర పొంగినట్టు నా మనసు ఎప్పుడూ పొంగలేదు.

ఇక ఆ ఆదివారం సంగతి. అక్టోబరు పన్నెండు.

మా చర్చిలో ప్రార్థన మనవులు చీటీల మీద రాసి వేస్తాం. రెండు పెట్టెలుంటాయి. తెల్లపెట్టెలో వేసినవి మైకులో చదివి సంఘమంతా ప్రార్థన చేస్తుంది. నీలంపెట్టెకు తాళం ఉంటుంది, తాళంచెవి పాస్టరు గారి జేబులో ఉంటుంది. అందులోవి ఆయన ఒక్కరే చదువుకొని, ఒక్కరే ప్రార్థించి చించేస్తారు. ఇంట్లో గొడవలు, బయటికి చెప్పుకోలేని రోగాలు, అన్నీ నీలంపెట్టెకే పోతాయి. మైకులో చదివే పని సంఘ కార్యదర్శి వెంకట్రాజం గారిది. ఆయన ముప్పై ఏళ్లు ఆర్టీసీ కండక్టరు. ప్రార్థన మనవి చదివినా ములుగు, ములుగు, ఎక్కాలె, ఎక్కాలె అన్నట్టే ఉంటుంది. ఫోను నంబరు రాసి ఉంటే అదీ చదువుతాడు. చర్చి మీది హారన్ ఏమో సరిగ్గా మన సందు వైపు తిరిగి ఉంటుంది. దాన్ని తిప్పమని నువ్వే ఎన్నిసార్లు అన్నావు!

నీ కోసం నేను చీటీ రాసిన మాట నిజం. నీ కోసం ప్రార్థన చేయించాలనుకున్నాను, అందులో తప్పేముంది? నీలంపెట్టెలో వేశాను. అది ఎలా వెళ్లిందో ఏమో వెంకట్రాజం గారి చేతిలో పడింది. ఆయన కళ్లజోడు సర్దుకొని, మొత్తం మట్టెవాడకు వినిపించేలా చదివాడు. మన వీధి సమ్మమ్మ గారు అక్షరాలు రాక మందులు మార్చి ఇచ్చి భర్త ప్రాణం మీదికి తెచ్చుకున్నారు, ఇప్పుడు వాక్యం ద్వారా చదువు నేర్చుకుంటున్నారు, వారి రక్షణ కొరకు ప్రార్థించగలరు అని. ఆమేన్ అని అందరూ అన్నారు. నేను చూపు పాటల పుస్తకంలోకి దించుకున్నాను.

ఆరాధన అయ్యాక సందులోకి వచ్చి వెంకట్రాజం గారిని నిలబెట్టి అడిగాను. నువ్వు లోపలి నుంచి విన్నావో లేదో, వినాలనే గట్టిగా అడిగాను. తాళం పెట్టెలోని చీటీ మీ చేతికి ఎట్లా వచ్చింది, ఇంత వయసొచ్చింది, ఏ చీటీ చదవాలో ఏది చదవకూడదో తెలియదా అన్నాను. బస్సులో టికెట్లు కొట్టినట్టు మనుషుల గుట్టు కొడతారా అని కూడా అన్నాను. ఆయన రెండు చేతులూ జోడించి, పొరపాటైంది టీచరమ్మా అన్నాడు, అంతే. మరుసటి ఆదివారం నుంచి మైకు ముట్టుకోలేదు. ఇప్పుడు రాకేష్ అనే కుర్రవాడు చదువుతున్నాడు. వెంకట్రాజం గారు వెనక వరుసలో చెప్పుల దగ్గర కూర్చుంటున్నారు.

ఆ తర్వాత నీకు జరిగినవన్నీ నల్లా దగ్గర యాకమ్మ నోట విన్నాను. గోలీల డబ్బా భానుచందర్ బీరువా మీద పెట్టేశాడని, పొద్దుటివి నవతే ఇచ్చి పోతుందని, మధ్యాహ్నానివి ఫోనులో చూపించి మరీ వేయిస్తుందని, సొంత ఇంట్లో చిన్నపిల్లను చూసినట్టు నిన్ను చూస్తున్నారని చెప్పింది. చెప్తూ చెప్తూ యాకమ్మ నవ్వింది. నేను నవ్వలేదు. ముప్పై అయిదేళ్లు నువ్వు చూసుకున్న మనిషిని నీ చేతిలో నుంచి తీసుకున్నారు. నువ్వు చదవడం మానేశావని కూడా యాకమ్మే చెప్పింది. పలకను చూరులో దోపావట.

వదినా, నా మీద కోపముంటే సందులో నిలబెట్టి తిట్టు. నాకు తిట్లు తినడం చేతనవును, ముప్పై ఒక్క ఏళ్లు హెడ్మాస్టర్ల దగ్గర తిన్నాను. కాని అత్త మీద కోపం దుత్త మీద చూపకు. చదువు నిన్నేం చేసింది? ఇంకో నెల పట్టుబడితే మధ్యాహ్నం కూడా వచ్చేసేది. నువ్వు చర్చికి రావద్దు, సువార్త పుస్తకం వద్దు. ఒకటో తరగతి వాచకం తెప్పించి పెట్టాను. గొర్రెలు లేవు, కాపరి లేడు, అంతా ఆవులూ ఇటుకలే. మీ దేవుళ్లకు చెప్పుకొని రా, చెప్పుకోకుండా రా, ఎట్లా వచ్చినా సరే. మధ్యాహ్నం రెండింటికి తలుపు తీసే ఉంచుతున్నాను. రోజూ తీసే ఉంచాను, ఇన్నాళ్లూ పిల్లి తప్ప ఎవరూ రాలేదు.

బుచ్చిరాములు అన్నకు నా నమస్కారాలు. నవత మీద కోపం పెట్టుకోవద్దు, ఆ పిల్ల భయంతో చేస్తోంది. నీ దగ్గు తగ్గకపోతే తులసాకు కషాయం తాగు.

ఇట్లు,
నీ మేలు కోరే వదిన,
సంధ్యారాణి

తా.క. ఉత్తరం మడిచి కవరులో పెట్టాను. మళ్లీ తీశాను. పిల్లల జవాబు పత్రాలు దిద్దిన అలవాటు కదా, రాసింది ఒకసారి చదివితే తప్ప ఊరుకోలేను. చదివితే ఒకచోట ఎర్ర పెన్ను ఆగిపోయింది.

చీటీ నేను నీలంపెట్టెలో వేయలేదు. తెల్లపెట్టెలో వేశాను. పొరపాటున కాదు. రెండు పెట్టెల ముందు నిలబడి, రెండింటి మీద రాసింది చదివి, తెల్లదాంట్లో వేశాను.

మైకులో చదివింది కూడా నీకు పూర్తిగా రాయలేదు. నువ్వు విన్నావు, నీకు గుర్తుండే ఉంటుంది. వాక్యం ద్వారా కాదు, సంధ్యారాణి టీచర్ గారి ద్వారా అని ఉంది అందులో. ఆ గారు అన్న మాట నా పేరు పక్కన నేనే రాసుకున్నాను. పట్టికలో నా గడి ఖాళీగా ఉండటం నేను ఓర్చుకోలేకపోయాను. విమలమ్మ వినాలి, పాస్టరు గారు వినాలి, ఒక మనిషికి నేను అక్షరమూ ఇస్తున్నాను, దేవుణ్నీ ఇస్తున్నాను అని సంఘమంతా వినాలి అనుకున్నాను. నువ్వు వింటావని తట్టలేదు. నీ చేతిలో వేసిన చెయ్యి ఆ క్షణంలో నాకు గుర్తు లేదు, లేక గుర్తున్నా లెక్కచేయలేదు. ఏదైనా ఒకటే.

వెంకట్రాజం గారు తన ముందున్న చీటీ చదివాడు, అది ఆయన పని. ఆయన్ని సందులో నిలబెట్టి నేను తిట్టింది నువ్వు వినాలని. ఆయన పొరపాటైంది అంటే ఊపిరి పీల్చుకున్నాను. మరీ చేతకాని మనిషి, తను చేయని తప్పు కూడా తెలియలేదు అని లోలోపల తేలిగ్గా అనుకున్నాను కూడా. ఇప్పుడు ఆయన చెప్పుల దగ్గర కూర్చుంటున్నాడు. నేను మూడో వరుసలో కూర్చుంటున్నాను.

దేవుని మాట పంచమని పిలిస్తే నేను పంచింది నీ గుట్టు. ఇంతకన్నా మెత్తగా ఆ సంగతి చెప్పడం నాకు రావడం లేదు. చేసిన పాపం చెబితే పోతుందంటారు. పోతుందో లేదో గాని, ఈ ఆదివారం అదే మైకులో, అదే హారన్‌లో అంతా చెప్తాను. అందరికన్నా ముందు నీకు చెప్పాలి కాబట్టి ఇది రాస్తున్నాను. క్షమించమని అడిగే ముఖం లేదు. చదువు మాత్రం మానకు.


మట్టెవాడ
28 నవంబరు, శుక్రవారం

టీచరమ్మ వదినెకు,

సమ్మమ్మ నమస్కారం. చెప్పేది నేను, రాసేది నవత. నేను చెప్పింది చెప్పినట్టే రాయమన్న, పుస్తకాల లెక్క రాయొద్దన్న.

నీ ఉత్తరం సదువుడు నాకు తొమ్మిది దినాలు పట్టింది. దినానికి ఒక్క పేజీ అంటివి, నీ పేజీ ఒక్కొక్కటి పొద్దంత పడుతది. నవతకు ఇయ్యలే, నేనే సదివిన. ఆదివారం నాటికి నేను అయిదో పేజీ కాడ ఉన్న, పెట్టెల ముచ్చట కాడ. గప్పుడే నువ్వు మైకు పట్టుకొని ఆఖరు పేజీల ముచ్చటంత చెప్పేస్తివి. ఏం మనిషివి వదినె నువ్వు? నేను సదివేదాక జర ఆగరాదా?

ఇంకొకటి. తప్పు ఒప్పుకునేటోళ్లు పేరు లేకుంట ఒప్పుకోరాదా? మా ఎదురింటి సమ్మమ్మ, మా ఎదురింటి సమ్మమ్మ అని ఏడు మాట్లు అన్నవు. మీ అన్న మగ్గం ఆపి మరీ లెక్కవెట్టిండు. మొదటిసారి ఇననోళ్లు ఎవరన్న ఉంటే గిప్పుడు ఇన్నరు. నవ్వాల్నో ఏడ్వాల్నో సమజ్ కాలే. మీ అన్న మాత్రం నవ్విండు. నాకు గోలీలు మారినయని గా దినమే తెలుసు అన్నడు. రంగు తేడా ఉంటే ఏందని అడగరాదా అంటే, నీకు సదువు రాదని నాకు తెల్వది అనుకున్నవా, అడిగితే నువ్వు చిన్నబోతవని మింగిన అన్నడు. ఈ ఇంట్ల అందరు అందరే.

గోలీల డబ్బ నవత మళ్ల నాకిచ్చింది. ముందుగాల నాతోని సదివిపిచ్చింది. పొద్దున, రాత్రి గడగడ సదివిన. మధ్యాహ్నం కాడ ఆగిన. గది మాకు గూడ చిన్నప్పుడు కష్టమే అత్తమ్మా అన్నది. ఇంతకుముందే చెప్తే నేనే నేర్పుదును గద అని కూడ అన్నది, అని ఏడ్చింది. ఇది రాయొద్దంటున్నది, రాయమన్న.

గిన్నెల సర్వపిండి పెట్టి పంపుతున్న. గిన్నె నాదే. ఖాళీగ పంపకు.

సోమారం రెండింటికి వస్త. ఆవులు, ఇటుకలు నాకొద్దు, గవి పిల్లలకు. మనం గొర్ల కాడ ఆగినం, గాడికెల్లి తెరువు.

ఇట్లు,
సమ్మమ్మ

తా.క. ఇది నేనే రాసిన. నవత చూడలే.

చీటికి రెండు దినాలు ఏడ్చిన, బయటికి రాలే. నిజమే. మాట బందు పెట్టింది చీటికి కాదు.

వెంకట్రాజం అన్న చీటి సదివిన మూడో దినమే మా ఇంటికి వచ్చిండు. తప్పు నాది సమ్మమ్మా అన్నడు. చాయ పోసిన. సందుల నువ్వు తాలం పెట్టె అన్నది నేను ఇన్న. తాలం చెవి నీ తాన లేదు గద అన్నా, చీటి నువ్వెట్ల తీస్తివి అని అడిగిన. తల వంచుకున్నడు. నీ రాత ఆయన ఎరుగు. నువ్వు ఏ పెట్టెల ఏసినవో ఆయనకు ఎరుకే.

మరి ఎందుకు తిట్లు పడితివి అని అడిగిన. ఒకల బరువు ఒకలు మోయాలె, గదే గద వాక్యంల మాకు చెప్పింది అన్నడు. చాయ తాగి పోయిండు.

నువ్వు ఎప్పుడు చెప్తవో అని చూసిన. అందుకే మాట బందు.

గొర్ల మాట నాకు జర తెలిసింది. వస్తే చెప్త.

ఇది వెంకట్రాజం అన్నకు చెప్పకు. మైకుల అసలే చెప్పకు.